వరిగడ్డికి పాడిన గొంతు

మంగళవారం పొద్దున బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు వరుసల్లో తరగతులకు వెళుతుంటే ఫోన్ మోగింది. ఒకప్పుడు మా ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయించిన అతను. "అన్నా, పాప పోయింది. అనంతపురం ఆస్పత్రిలో, తెల్లారి" అన్నాడు. మా పాటగత్తె రెండేళ్ళుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఉందని మా ఇద్దరికీ తెలుసు. మొదటి పీరియడ్ పాఠం పూర్తి చేసి, పెద్దమేడంకు చెప్పి, ఆమె ఊరికి పోయే ఉరవకొండ బస్సు ఎక్కాను.

మీలో చాలామంది ఆమె గొంతు విని ఉంటారు. ముఖం తెలిసి ఉండకపోవచ్చు. బళ్ళారికి పనికి పోయి, పెళ్ళాం అడిగిన కాలిపట్టీలు మరిచిపోయి, తాను మాత్రం నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని బస్సు దిగిన మొగుణ్ణి ఆటపట్టించే పాట ఒకటి కొన్నేళ్ళ కిందట మా వైపు పెళ్ళి ఊరేగింపుల్లో, ఆటోల్లో, ట్రాక్టర్ల మీద ఆగకుండా మోగింది. అది పాడింది ఆమె. కీబోర్డు వాయించింది నేను.

మా ఆర్కెస్ట్రాకు ఆడగొంతు కావాలని వెతుకుతున్న రోజుల్లో వాళ్ళమ్మ ఆమెను వెంటపెట్టుకొని వచ్చింది. ఇద్దరూ చెనిక్కాయ, అదే వేరుశనగ చేలో కలుపు తీసి, చేతులు కడుక్కొని నేరుగా వచ్చారు. "ఏం పాటలొస్తాయి పాపా?" అని అడిగితే, "మీకేం కావల్ల?" అంది. ఆ రోజు నుంచి ఆమె మాకు పాపే. పాట పుస్తకం ఒకటి చేతిలో పట్టుకొని పాడేది గాని ఒక్కసారైనా పేజీ తిప్పగా చూడలేదు. పందిట్లో ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషుల వైపు చూడకుండా ఎక్కడో దూరంగా చూస్తూ పాడుతుందని మా నిర్వాహకుడు విసుక్కునేవాడు. అదే అడిగాను ఒకసారి.

"ముందర కూచున్నోల్లకు ఎట్లైనా ఇనపడుతుందన్నా. ఆ గోడకాడ నిలబడుకోనుండే ముసిలామెకు ఇనపడల్ల" అంది.

ఆ కళ్ళద్దాల పాట కలుపు తీసే ఆడవాళ్ళు ఒకరినొకరు ఎగతాళి చేసుకునే మాటల్లోంచి ఆమె కట్టుకున్నదే. అనంతపురంలో గోడలకు పాత పరుపులు కొట్టిన ఒక గదిలో రికార్డు చేశాం. ఫ్యాను శబ్దం వస్తుందని ఆపేస్తే, చెమటతో తడిసి పాడింది. యూట్యూబులో పెట్టిన రెండో నెలకే కర్ణాటక వైపు నుంచి కూడా పిలుపులు మొదలయ్యాయి. కూరగాయల అంగట్లో ఒకావిడ ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా, ఆ పాట పాడింది ఈమేనా? ఇంత సన్నగుండాదే!" అని నాతో అంది. ఆ మాట చాలా రోజులు చెప్పుకొని నవ్వింది మా పాప.

వానలు మొహం చాటేసిన రెండో ఏడు అది. కాలువ కింద వరి పండే ఊళ్ళో జాతర కార్యక్రమానికి వెళుతూ దారిలో పశువుల సంత దగ్గర కారు ఆపాం, టీ కోసం. అక్కడ పాపకు వరసకు మామ అయ్యే వజ్రకరూరు వైపు ఆయన ఒకరు ఎద్దుల జతను పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఎద్దుల డొక్కల్లో ఎముకలు కనిపిస్తున్నాయి.

"ఏం మామా, అమ్ముతాండావా?"

"మేత ల్యాకపాయ. ఏం చేయల్ల? వానలు రాల్యా, పశువులకేసే చెనిక్కాయ కట్టె ల్యాదు."

"కొనేటోడు సేద్యానికేనా?"

ఆయన ఎద్దు మూపు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. మేము టీ తాగకుండానే వచ్చేశాం.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే పాడింది. కార్యక్రమం అయ్యాక జాతర పెద్ద వచ్చి ఆమె వంతు ఇవ్వబోతే, "మావోల్లకు ఇయ్యల్సింది ఇయ్యండన్నా. నాకు మాత్రం దుడ్లొద్దు. మీ వాముల్లోంచి ఒక ట్రాలీ వరిగడ్డి ఇయ్యండి" అంది.

"గడ్డా?"

"గడ్డే."

ఆయన నా ముఖం చూశాడు. నాకూ అప్పుడే తెలిసింది. మర్నాడు పొద్దున ఆ గడ్డి వజ్రకరూరు వైపు ఆ మామ వాళ్ళ మెట్ట ఊరికి వెళ్ళింది. దాని మీదే కూర్చొని ఆమె కూడా వెళ్ళింది. దించేటప్పుడు తలకు తువ్వాలు చుట్టుకొని తానూ మోసింది. ఒక్క పశువు ఉన్న ఇంటికి ముందు, ఎక్కువ ఉన్నవాళ్ళకు తర్వాత అని చెప్పింది. ఇరవై పశువులు ఉన్న ఒక ఆసామి గట్టిగానే తగులుకున్నాడు.

"మా ఊర్లో మాకే చివరనా? నువ్వు యాడిదానివి, మాకు చెప్పేదానికి?"

"నీకు ఇరవై ఉండాయి. రెండు పోయినా పద్దెనిమిది ఉంటాయి. ఆమెకు ఉండేదే ఒకటి. నువ్వే చెప్పన్నా, ఎవురికి ముందు ఇయ్యల్ల?"

ఆయన తువ్వాలు దులుపుకొని పోయాడు. తర్వాత ఏడాది అదే మనిషి తన ట్రాక్టరు ఇచ్చాడు, డీజిలు తానే పోసుకొని. ఆ విధంగా మొదలైన పని ఆమె పోయేదాకా ఆగలేదు. అయితే అది ఒక సంఘం కాలేదు, దానికి పేరూ బోర్డూ పెట్టలేదు. ఫోటోలు తీస్తామని వచ్చినవాళ్ళకు గడ్డిమోపులు ఎత్తించేది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. దాచిపెట్టి ఆమెను పొగడటం నాకు సరిగా అనిపించదు.

హైదరాబాదు నుంచి ఒక పాటల కంపెనీ వాళ్ళు పిలిచారు. ఐదు పాటలు, ఆమె గొంతు, నా సంగీతం. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళలో వాయించినవాడికి అలాంటి పిలుపు ఎంతో మీరు ఊహించుకోగలరు. వాళ్ళు చెప్పిన వారంలోనే కాలువ కింద వరికోతలు పడ్డాయి. కోత కాగానే ఎత్తుకోకపోతే రైతులు గడ్డి తగలబెడతారు, తర్వాతి పైరుకు తొందర కాబట్టి. ఆమె కంపెనీకి ఫోన్ చేసి ఒక వారం ఆగమంది. వాళ్ళు ఆగలేదు. వేరే జట్టును పెట్టుకున్నారు.

"నీకేమన్నా పిచ్చా పాపా?" అన్నాను.

"గడ్డి వారం ఆగదన్నా."

"కంపెనీ ఆగుతుందా?"

"ఆగదు. తెలుసు."

"నన్నొక మాట అడిగినావా?"

అప్పుడు తల వంచుకుంది. "అడగల్యా. అడిగుండాల్సింది" అంది. అంతకు మించి సమర్థించుకోలేదు. నేను కీబోర్డు పెట్టెలో పెట్టుకొని వచ్చేశాను. రెండేళ్ళు మాట్లాడలేదు. ఒక ప్రైవేటు బడిలో సంగీతం మాస్టరుగా చేరాను. ఆమె వేరేవాళ్ళతో పాడుతోందని వినేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఎదురుపడితే పక్కకు తప్పుకున్నాను. తప్పు ఆమెదే అని అప్పుడు గట్టిగా నమ్మాను. ఇప్పుడు కూడా పూర్తిగా నాదే అనుకోను.

ఒక మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుండగా బడికి వచ్చింది. క్షేమ సమాచారాలేవీ లేవు.

"నా గొంతు కిందికి దిగిపోయిందన్నా. పైకి పోతే పలకల్యా. ఎవురికీ చెప్పల్యా. నువ్వైతే నవ్వవని వచ్చినా."

ఖాళీ తరగతిలో కూర్చున్నాం. కళ్ళద్దాల పాట ఎత్తుకుంది. పై స్వరం దగ్గర గొంతు చీలింది, దగ్గు వచ్చింది. గడ్డి దుమ్ము అని డాక్టరు చెప్పాడట. మోయటం మానమన్నాడట. ఆమె మానలేదని వేరే చెప్పక్కర్లేదు. నేను శ్రుతి ఒక మెట్టు దించాను. చాలలేదు. ఇంకొకటి దించాను. అప్పుడు పాట నిలబడింది, కాని అది వేరే పాటలా ఉంది.

"ఇప్పుడు మొగుణ్ణి ఎగతాళి చేసినట్లు ల్యాదు కదన్నా. వాని మీద అయ్యో అనిపిస్తాంది" అంది.

"బాగుంది, అట్లే ఉండనీ" అన్నాను. అదే మా రాజీ.

తర్వాత ఆదివారాల్లో మళ్ళీ కలిసి వెళ్ళాం. పిలిచేవాళ్ళు తగ్గారు, కొత్త పిల్లలు వచ్చారు. కొత్తచెరువు దగ్గర ఒక పెళ్ళిలో ఒక అమ్మాయి ఆమె పాటనే, పాత శ్రుతిలో, ఆమె ఎవరో తెలియకుండా ఆమె ముందే పాడింది. పాప చివరిదాకా నిలబడి విన్నది. "రెండో చరణంలో ఊపిరి తీసుకొనేది తప్పు చోట తీసుకుంటాంది. చెప్పల్లా, వద్దా?" అని నన్ను అడిగింది. ఆ అమ్మాయి దిగి వచ్చాక మాత్రం, "బాగా పాడినావు తల్లీ" అని ఊరుకుంది. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ వైపు ముఖం పెట్టుకొని కూర్చుంది. బాధపడిందా అంటే చెప్పలేను.

జబ్బు ముదిరాక మాటకు మాటకు మధ్య ఆగేది. అలా ఆగుతూనే ఫోనులో ఏ ఊళ్ళో కోతలు ఎప్పుడో కనుక్కునేది. చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు నేను పూలు, పండ్లు పట్టుకెళ్ళాను. "ఇవి ఎవురు తింటారన్నా" అని నవ్వి, గడ్డి తోలే ఒక ట్రాక్టరతని నంబరు రాసుకోమంది. రాసుకున్నాను.

మంగళవారం సాయంత్రం వాళ్ళ చేలోనే మట్టి చేశారు. జనం బాగానే వచ్చారు. పాటలు పెడదామని ఎవరో స్పీకరు తెచ్చారు గాని వాళ్ళమ్మ వద్దంది. అందరూ వెళ్ళిపోతుంటే ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. వజ్రకరూరు అవతలి ఊరట.

"మీరు ఆయమ్మతో వాయించేటాయన కదా సారూ? మా ఆవు ఆయమ్మ గడ్డితోనే బతికింది. ఆ యాడాదే ఈనింది. దూడకు ఆయమ్మ పేరే పెట్టుకున్నాం. అదిప్పుడు పెద్దదయింది. ఒకసారి వచ్చి చూసి పోండి."

ఆదివారం వెళ్ళాను. ఊరి బయట చెనిక్కాయ పీకేసిన బీడు. దూరంగా నాలుగైదు పశువులు మేస్తున్నాయి. ఆవిడ గట్టు మీద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని మా పాప పేరు పెట్టి పిలిచింది. ఒక ఎర్రావు చెవులు ఆడించింది గాని తల ఎత్తలేదు.

"మొండిది సారూ, దీనికి మేతైనంక వస్తాది" అని, ఆమె మళ్ళీ పిలిచింది. ఆ పేరు బీడు మీదుగా పోతోంది. ఆవు మేస్తూనే ఉంది.