మా బాబాయి ఒక బాక్సర్ని అంచనా కట్టిన ఆదివారం

ఇది ఒక మహాయోధుడి గాథ. సముద్రాలు దాటిన కీర్తి, పిడుగుల్లాంటి దెబ్బలు, ఒక తల్లి కన్నీరు, ఊరంతా ఊపిరి బిగబట్టే ఘట్టం, అన్నీ ఇందులో ఉన్నాయని చెప్పి మొదలుపెడదామనుకున్నాను. అంత లేదండి. యోధుడు ఫిలిప్పీన్స్‌లో ఉన్నాడు, మేము భీమడోలులో ఉన్నాం, మధ్యలో ఒక ఫోను ఉంది. రక్తం మాత్రం ఒక చుక్క కారింది. అదీ మా బాబాయి వేలికి చేప ముల్లు గుచ్చుకున్నప్పుడు.

నిన్న తాడేపల్లిగూడెం స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుంటే, పక్క బెంచీ మీద ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లో బాక్సింగ్ చూస్తూ ఎవరో కొత్త ఫిలిప్పీన్స్ కుర్రాడి భవిష్యత్తు తేల్చేస్తున్నారు. "రాసిపెట్టుకో, వీడే రేపటి ప్రపంచ చాంపియన్" అని ఒకడు. "గెడ్డం కాచుకోవడం రాదెహె, పోతాడు" అని ఇంకొకడు. అంత గట్టిగా చెబుతున్నారు గాని, తామెక్కే రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో ఇద్దరికీ తెలియదు. నవ్వొచ్చింది. ఆ పని మేమూ ఒకసారి చేశాం. కాకపోతే మా మాట కోసం ఒక తల్లి కాచుకుని కూర్చుంది.

మా పిన్ని కువైట్‌లో నర్సుగా చాలా ఏళ్ళు చేసి వచ్చింది. అక్కడి హాస్టల్లో ఆవిడ పక్క మంచం ఒక ఫిలిప్పీన్స్ నర్సుది. ఇద్దరూ కలిసి వండుకున్నారు, కలిసి ప్రార్థన చేసుకున్నారు, ఇంటి మీద బెంగొస్తే వంతులవారీగా ఏడ్చారు. ఒకనాడు ఆ స్నేహితురాలు "మా వాడు బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు" అంటే, విని ఊరుకోవడం మా వంశంలో లేదు గనక, "మా ఆయనా బాక్సరే, కప్పు కూడా గెలిచారు" అంది పిన్ని. అబద్ధం కాదు. ఏలూరులో డిగ్రీ చదివే రోజుల్లో బాబాయి కప్పు గెలిచిన మాట నిజం. ఎదుటివాడు ఎక్కిన రైలు దారిలో ఆగిపోవడం వల్ల గెలిచాడన్న సంగతి పిన్ని చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆ తర్వాత బాబాయి గ్లౌజులు తీసేసి వల పట్టుకున్నాడు. కొల్లేరు వైపు చేపల చెరువులు చూసుకుంటూ, తను బాక్సర్నన్న సంగతి తనే మర్చిపోయాడు.

పిన్ని వచ్చేసింది గాని స్నేహితురాలు అక్కడే ఉండిపోయింది. ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్న వేళకి ఆవిడ దగ్గర్నుంచి ఒక వీడియో వచ్చింది, వెనకే గొంతు కూడా. పిన్ని విని మాకు తెలుగులో చెప్పింది. కుర్రాడికి ఓడల్లో ఉద్యోగమిచ్చే చదువులో సీటొచ్చింది. అదే సమయంలో డబ్బుకి ఆడే పెద్ద బాక్సింగ్‌లోకి రమ్మని పిలుపూ వచ్చింది. చాంపియన్ అవుతాడంటున్నాడు కోచ్, కోచ్ కాబట్టి. దేనికీ పనికిరాడంటున్నాడు మేనమామ, మేనమామ కాబట్టి. కొడుకు చిన్నప్పుడే తను కువైట్ వెళ్ళిపోయింది, వాడు ఏపాటివాడో తనకి తెలియదు. "మీ ఆయన్ని చూసి నిజం చెప్పమను సిస్టర్. ఆయన ఏదంటే అదే."

"నేనా?" అన్నాడు బాబాయి, చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని.

"మీరు కాకపోతే పక్కింటాయనా? కప్పు గెలిచింది మీరే కదండీ."

"నాకు చెరువులో పిల్ల సంగతి తెలుస్తుంది గానీ..."

"ఇదీ పిల్లే కదండీ, చూడండి."

చేపపిల్లని కొనేటప్పుడు బాబాయి బేసిన్లో నీళ్ళు పోసి, పిల్లని వదిలి, చేత్తో నీటిని గిర్రున తిప్పుతాడు. సత్తువున్న పిల్ల ఆ సుడికి ఎదురీదుతుంది. నీరసపుది సుడితో పాటు తిరిగి తిరిగి నడిమికి చేరుతుంది. బాబాయి బాక్సింగ్‌ని కూడా ఆ బేసిన్‌లాగే చూశాడు.

వీడియోలో ఎర్ర చొక్కా కుర్రాడొకడు, నీలం చొక్కా కుర్రాడొకడు. ఎవరు ఆవిడ కొడుకో ఆవిడ చెప్పలేదు, పిన్ని చూసిందా వాడి చిన్నప్పటి ఫోటోలే. నీలం చొక్కా వాడు తన మూలలో మోకరించి తల వంచాడు. "అదిగో మనవాడు, ప్రార్థన చేసుకుంటున్నాడు" అంది పిన్ని. ఎవరికీ అనుమానం రాలేదు. మా ఇళ్ళల్లో పరీక్షకెళ్ళినా పెళ్ళిచూపులకెళ్ళినా ప్రార్థన చేసుకుని వెళ్ళేవాడు మనవాడు, మిగతావాళ్ళు ఎవరి తాలూకో. దేశం దేశమే ప్రార్థన చేసుకునే చోట ఆ గుర్తు పనికిరాదని మాకు తట్టలేదు.

నీలం చొక్కా వాడు చితక్కొట్టేశాడు. "ఎదురీదుతున్నాడు చూడవే! ఎటు తిప్పితే అటుకి ఎదురు!" అంటూ బాబాయి కంచంలోనే గుద్దు గుద్దాడు. ముల్లు గుచ్చుకుంది అప్పుడే. ఆ ఆవేశంలోనే తీర్పు చెప్పేశాడు, పిన్ని ఇంగ్లీషులో పంపేసింది. "ఏ భయం పెట్టుకోకమ్మా. నీలం చొక్కా బాబు చాలా దూరం వెళ్తాడు."

 జవాబు చాలా చిన్నదిగా వచ్చింది. "మా వాడిది ఎర్ర చొక్కా, సిస్టర్."

పిన్ని మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేసింది. "ఆ ఎర్రబ్బాయి ప్రార్థనే చెయ్యలేదు కదండీ!"

"చేసే ఉంటాడు పిన్నీ. అక్కడ రిఫరీ కూడా చేసుకునే వస్తాడు" అన్నాను.

"నువ్వు ఆపి, మళ్ళీ మొదట్నుంచి పెట్టరా" అన్నాడు బాబాయి.

ఈసారి ఎర్ర చొక్కా వాణ్ణే చూశాం. అదే పోటీ, అవే దెబ్బలు, కానీ ఇందాక మేము చప్పట్లు కొట్టిన ప్రతి దెబ్బా ఇప్పుడు మాకే తగులుతోంది. వాడికి చేతులున్నాయి, కాళ్ళూ చురుకే. అయితే దెబ్బ తగిలినప్పుడల్లా తల తిప్పి, వీడియో తీస్తున్న ఫోను వంక చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వేలోపు ఇంకోటి తగులుతోంది.

"ఎందుకు నవ్వుతాడు వీడు?" అన్నాను.

"వాళ్ళమ్మ చూస్తుందని" అంది పిన్ని. కువైట్ నుంచి తన కూతురితో, అంటే మా చెల్లితో, ఫోన్లో మాట్లాడేటప్పుడు తనూ అలాగే నవ్వేదిట, జ్వరంతో ఉన్నా సరే.

బాబాయి చెయ్యి కడుక్కుని వచ్చి, స్నేహితురాలికి వీడియో కాల్ చెయ్యమన్నాడు. ఆవిడ యూనిఫాంలోనే ఉంది. ముందు తప్పు ఒప్పుకున్నాడు, క్షమించమన్నాడు. తర్వాత పిన్ని వైపు తిరిగి, "ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు. "మీ వాడు ఎదురీదుతాడమ్మా. కానీ దెబ్బ తగిలిన ప్రతిసారీ 'నాకేం కాలేదమ్మా' అని మీకు చెప్తున్నాడు. రెండు పనులు ఒకేసారి చేస్తే ఎవడూ గెలవడు. మీరు ఒక్కసారి వాడి పోటీకి వెళ్ళి ఎదురుగా కూర్చోండి. అప్పుడు వాడు ఎంతవరకు వెళ్తాడో నన్నడగక్కర్లేదు, మీకే తెలుస్తుంది."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాం. నవ్వింది. కొడుకు నవ్వు లాగే ఉంది.

సెలవు పెట్టి ఊరెళ్ళింది. ఓడ చదువు వాళ్ళని గడువు అడిగింది, పోటీ చూశాక ఏదో ఒకటి తేల్చుకుందామని. అంతవరకు రోజూ వండింది. ఇన్నేళ్ళూ పెట్టలేని ముద్దలన్నీ ఒక్కసారే పెట్టింది. వాడూ ఒక్క కంచమైనా వద్దనలేదట. పోయిన కాలాన్ని ఎవరూ వెనక్కి తేలేరంటారు గాని, ఆ తల్లీకొడుకులు మాత్రం చాలామట్టుకు తినేశారు. పోటీ మాత్రం జరగలేదు. ముందు బరువు తూచే దగ్గర, ఉండాల్సిన దానికన్నా ముప్పావు కిలో ఎక్కువొచ్చాడు.