కాకా అక్షరాలు, నా అబద్ధం

పోయిన నెల మా మేనల్లుడు అటక మీది అట్టపెట్టెలు దింపుతుంటే ఒక పాత ఫ్లాపీ డ్రైవ్ బయటపడింది. లావుపాటి నోటుపుస్తకమంత డబ్బా, ముందు సన్నటి నోరు, వెనక మూరెడు వైరు, ఒకప్పటి తెలుపంతా పసుపు తిరిగిపోయింది. వాడు ఫిలింనగర్‌లో ఎడిటరు కాబట్టి ఇలాంటి పాత సామాను కనబడితే ముచ్చటపడతాడు. దానికి ఫోటో తీసి, టీవీ సీరియళ్ళకు కంప్యూటర్‌తో తెలుగులో పేర్లు వెయ్యడం కొత్తగా మొదలైన రోజుల్లో మా మామయ్య వాడింది ఇదే, ఆ అక్షరాలన్నీ ఆయన చేతివే అని నలుగురూ చూసేచోట పెట్టాడు. సాయంత్రానికి ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకున్నారు, నా ఈడువాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అభినందించారు, నేను ఏదో గొణిగి పెట్టేశాను. మా ఆవిడ దాన్ని వినయం అనుకుంది. అది వినయం కాదని చెప్పడానికే ఇప్పుడిది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మాట. కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. మిగతా ముగ్గురూ తెర మీద కనబడాలని వచ్చినవాళ్ళు, నేను మాత్రం ఊళ్ళో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకుని ఏదైనా ఉద్యోగం దొరక్కపోతుందా అని వచ్చినవాణ్ణి. చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగి, బండరాళ్ళ మధ్య దారిలో నడుచుకుంటూ ఫిలింనగర్ చేరితే, అక్కడ ఒక డాబా మేడమీది గదిలో వీడియో టైటిల్స్ వేసే స్టూడియో ఉండేది. దాని ఓనరుగారు విదేశం నుంచి ఒక కంప్యూటర్ తెప్పించారు. నిజానికది ఇళ్ళలో పిల్లలు ఆడుకోవడానికి చేసిన మిషను, కీబోర్డే కంప్యూటరు, తీసుకెళ్ళి టీవీకి తగిలించుకోవడమే. కానీ నడుస్తున్న బొమ్మ మీద అక్షరాలు వెయ్యగలిగేది, మాకు కావలసింది అదే. ఇబ్బందల్లా, దానికి ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు.

అందుకని ఓనరుగారు షేక్‌పేట నుంచి ఒకాయన్ని పిలిపించారు. సినిమాలకు నల్లటి అట్టల మీద కుంచెతో టైటిల్స్ రాసి రాసి జుట్టు నెరిసిన మనిషి. అందరూ కాకా అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన గ్రాఫ్ కాగితం మీద ఒక్కో అక్షరానికీ ఏ గడి నల్లగా ఉండాలో పెన్సిల్‌తో నింపి ఇచ్చేవాడు, నేను అవే గడులు తెర మీద ఒక్కొక్కటే నింపేవాణ్ణి. అక్షరం ఒక్కటే అయితే సరే, గుణింతాలు, ఒత్తులు, ఒత్తు కింద మళ్ళీ ఒత్తు, ఇలా తవ్వినకొద్దీ వచ్చేవి. నేను చేసింది నచ్చకపోతే ఆయన మొహమాటపడేవాడు కాదు. "గిది ‘ళ’ గాదు బిడ్డా, కడుపునొప్పితోని వంగిన ముసలోడు. జర లేపు," అనేవాడు. లేపేవరకూ కుర్చీలోంచి కదిలేవాడు కాదు. అలా ఆరు నెలలు పట్టింది.

ఆ ఆరు నెలల పనీ ఒక్క ఫ్లాపీలో ఉండేది. కంప్యూటర్ లోపలే దాని సొంత డ్రైవ్ ఉన్నా, ఒక ఫ్లాపీ నుంచి ఇంకోదానికి కాపీ తియ్యాలంటే అది తీసి ఇది పెట్టి, ఇది తీసి అది పెట్టి ప్రాణం విసిగేది. ఆ బాధ పడలేకే బయట తగిలించే ఈ రెండో డ్రైవ్ కొన్నారు. ఇక రెండు ఫ్లాపీలూ చెరోచోట పెట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికో చెబితే చాలు, అదే తీసుకునేది. ఫ్లాపీ మూలన ఉండే చిన్న మీట జరిపితే దాని మీద ఇంకేమీ రాయడానికి వీలుండదని నేనే కాకాకి చెప్పాను. అప్పటి నుంచి రోజూ సైకిలెక్కే ముందు "తలుపేసినవా?" అని అడిగితేగాని వెళ్ళేవాడు కాదు. ఇంకో కాపీ తీసి దాచమని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, రేపు రేపని నేను అన్నిసార్లు వాయిదా వేశాను.

మొదటి పని ఒక టీవీ సీరియల్. అందులో ‘తెలుగు అక్షరాలు’ అని వేసి కింద కాకా పేరు వేస్తామని ఓనరుగారు మాటిచ్చారు. ఇరవై ఏళ్ళుగా అందరి పేర్లూ రాసిన మనిషికి తెర మీద తన పేరు ఎన్నడూ పడలేదు. ఇంట్లో భార్యకీ కూతురికీ చెప్పుకున్నాడు, పక్కింటివాళ్ళ టీవీలో చూడటానికి అప్పుడే అడిగి పెట్టుకున్నాడు.

టేపు ఇవ్వడానికి నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, ఇక కాపీ తీద్దామని కూచున్నాను. ఎప్పుడూ లోపలి డ్రైవ్‌లో ఉండే అక్షరాల ఫ్లాపీ ఆరోజు బయటి డ్రైవ్‌లో ఉంది, ఖాళీది లోపల పెట్టాను. పొద్దున ఒక అక్షరం దిద్దడానికి మీట తెరిచినవాణ్ణి మళ్ళీ వెయ్యలేదు. చేతి అలవాటు కొద్దీ లోపలి నుంచి బయటికి అని చెప్పాను. డ్రైవ్ గరగరమంటూ రెండు నిమిషాలు పనిచేసింది. ఆరు నెలల అక్షరాల మీద ఖాళీ ఫ్లాపీని కాపీ చేశానని, అది ఆగాక తెలిసింది.

కాకా అప్పుడు టీకి కిందికి వెళ్ళాడు. ఆయన గుడ్డసంచి బల్ల అవతలి చివర ఉంది. రిపేరుకు తీసుకెళ్తున్న రేడియో స్పీకరు అందులోంచి కనబడుతోంది. ఇంతలో ఓనరుగారు వచ్చి నా మొహం చూసి, "ఏంటయ్యా, అలా ఉన్నావు?" అన్నారు. నేను ఆలోచించుకోలేదు. ఆలోచించి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణి కానని ఇన్నాళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నానుగాని, అదీ నిజం కాదేమో. "కాకా సంచి ఫ్లాపీ మీద పెట్టారండీ. అందులో స్పీకరుంది, దాని అయస్కాంతానికి మొత్తం పోయింది," అన్నాను.

కాకా రెండు గ్లాసులతో పైకొచ్చాడు. ఓనరుగారు అనవలసినవీ అనకూడనివీ అన్నారు. కాకా ఒకసారి సంచి వంక, ఒకసారి ఫ్లాపీ వంక చూసి, "బల్ల మీద నేనే పెట్టిన సార్. గట్లయితదని నాకు ఎర్కలేదు," అన్నాడు. రెండో గ్లాసు నా కోసం తెచ్చింది. అందుకుని తాగాను.

ఇక మేడెక్కవద్దన్నారు ఆయన్ని. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి గేటు దగ్గర సైకిలుతో నిలబడి ఉన్నాడు. గ్రాఫ్ కాగితాలన్నీ అచ్చులు, హల్లులు, ఒత్తులు వరసగా పేర్చి, దారం కట్టి తెచ్చాడు. "నా మూలంగ నీకు మళ్ళ కష్టమొచ్చె బిడ్డా," అని నా చేతిలో పెట్టాడు. అప్పుడైనా చెప్పవలసింది. గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను.

అక్షరాలు గీసే పని లేదు గనక, గడులు చూసి నింపడానికి మూడు రోజులు సరిపోయింది. మూడు రోజుల్లో మళ్ళీ చేశాడని ఓనరుగారు నా భుజం తట్టి, కాకా పేరు వెయ్యాల్సినచోట నా పేరు వేయించారు. ఆ సీరియల్ వచ్చాక చెబుదామనుకున్నాను, తర్వాత ఇంకో పని వచ్చింది, తర్వాత స్టూడియో మారాను, వాడకం పోయిన ఈ డ్రైవ్ నాతోనే వచ్చేసింది. చెప్పకపోవడానికి ప్రతి ఏడూ ఒక కారణం దొరికేది.

మేనల్లుడి ఫోటోకి పొగడ్తలు వచ్చాక నిద్ర పట్టక షేక్‌పేట వెళ్ళాను. ఫ్లైఓవర్ కింద ఇద్దరు ముగ్గుర్ని అడిగితే కాకా కూతురి టైలరింగ్ షాపు చూపించారు. కాకా పోయి చాలా ఏళ్ళయింది. స్టూడియోలో ఆయనతో పనిచేశానని చెబితే ఆవిడ సంతోషపడి కుర్చీ వేసి, చాయ్ తెప్పించింది.

"గా కంప్యూటర్ల ఏందో ఖరాబు చేసిండట గదా అన్నా," అంది. "ఇగ అప్పటిసంది మా ఇంట్ల కరెంటు సామాను ఏదీ ముట్టలే. టీవీ పెట్టాలన్నా నన్నే పిలుస్తుండె. నా చెయ్యి మంచిది గాదు బిడ్డా, అంటుండె."

ఆయనకు అంతా తెలిసి నన్ను క్షమించి ఊరుకున్నాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆయన నన్ను నమ్మాడు, అంతే. జరిగిందంతా చెప్పాను. ఆవిడ మిషను ఆపి విన్నది. ఆయన పేరుతో సహా పత్రికకు రాస్తానన్నాను.

"రాయాల్సినప్పుడు రాయలే. ఇప్పుడు ఫోన్లు పట్టుకొని మా గల్లీలకు వస్తరు. నీ సంగతి నువ్వు రాసుకో, మా నాయిన పేరు రాయకు," అని, గ్లాసు నా వైపు జరిపి, "చాయ్ చల్లారుతది," అని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

ఆవిడ మాట ప్రకారం పేరు రాయడం లేదు. ఇప్పటి పిల్లల ఫోన్లలో తెలుగు అక్షరాలు పాతిక రకాలుంటాయి. ఎవరు గీశారని ఎవరూ అడగరు, తప్పు నొక్కితే ఇంకోసారి నొక్కి వెనక్కి తెచ్చుకుంటారు, మా మేనల్లుడు చెరిపినదాన్ని కూడా మర్నాడు వెతికి తీస్తాడు. మా రోజుల్లో పోయింది పోయినట్టే. ఆ సీరియల్ మాత్రం పోలేదు, ఎవరో పాత టేపులోంచి తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మొన్న ఒక్కణ్ణే కూచుని చూశాను. టైటిల్స్ చివర్లో నా పేరు వచ్చింది. ఒత్తుతో సహా ప్రతి గడీ కాకా నింపిందే.