ఇంజిను మసి, గృహప్రవేశపు పాలు

మొన్న నా తమ్ముని గృహప్రవేశంలో పాలు పొంగించవలసినదానను నేను. పొంగించినాను కూడా. కాని ఎక్కడ పొంగించినానో వింటే మీరు నవ్వుతారు. కనుక చేతిలోని టీ గ్లాసులు ముందుగా కింద పెట్టి వినవలసిందిగా మనవి.

మా ఇబ్రహీంపట్నంలో నా కుమారుడు వెంకటేశం డీజిల్ కారు కొన్నాడు. వాడు ఉద్యోగానికి కంపెనీ బస్సులో పోతాడు కనుక ఆ కారు పోషణభారం నేనే వహించినాను. ఉదయం నేను పూజకు కూర్చోగానే మనవరాలు శ్రీజ వాకిట్లో ఇంజిను స్టార్ట్ చేయవలెను; హారతి ఇచ్చిన పిదపనే ఆపవలెను. కారు అంగుళం కదలనక్కరలేదు. మనిషికి వ్యాయామం ఎట్లాగో ఇంజినుకు ఇది అట్లాగని నా సిద్ధాంతం. ఎప్పుడైనా కదిలితే అంగడి వరకు, లేదా శేరిగూడలో శ్రీజ చదివే కాలేజీ వరకు, అదీ సైకిళ్లు మమ్మల్ని దాటిపోయే వేగంతో. ఇంత శ్రద్ధగా కారును సాకేవారు మా బజారులో మరొకరు లేరని నాకు కొంత గర్వం కూడా ఉండేది.

ఒకనాడు స్టీరింగు వెనుక పసుపుపచ్చని దీపం వెలిగింది. మెకానిక్ మహబూబ్‌ను పిలిపించినాను.

"అమ్మా, బండి దూరం తిప్పుతలేరా?" అన్నాడు.

"మా కారు ఊరు దాటదు," అని తల ఎత్తి చెప్పినాను.

"గదే రోగం. నిలబెట్టి ఉత్తగ నడిపిస్తే ఇంజన్ సరిగ వేడెక్కది. పొగగొట్టంల జల్లెడ లెక్క జాలి ఉంటది, మసి పోయి అండ్ల కూసుంటది. రింగురోడ్డెక్కి ఆగకుండ ఒక్క తీరుగ ఉరికియ్యుండ్రి. ఆ వేడికి మసంత కాలిపోతది. లైటు పోయేదాక మాత్రం ఆపకుండ్రి."

నేను వ్యాకరణం చదువుకున్నదానను. నియమానికి మినహాయింపు ఉంటే నియమం చెప్పినవాడే దానినీ చెప్పవలెను. మహబూబ్ చెప్పలేదు. కనుక దీపం పోయేవరకు ఆపరాదు, అంతే.

ఆ మరునాడే బడంగ్‌పేట్‌లో నా తమ్ముడు యాదగిరి గృహప్రవేశం. వానికి నేను ఒక్కగానొక్క అక్కను. కొత్త పొయ్యి మీద పాలు పొంగించే హక్కు ఆడపడుచునైన నాది. నేను వేళకు చేరకపోతే ఆ గౌరవం మరదలు సరోజన చెల్లెలికి పోతుంది. ఆమె ముందురోజే అక్కడికి చేరి, వంటింటి గుమ్మం విడవకుండా తిరుగుతున్నదని నాకు సమాచారం అందింది.

ఉపాయం సిద్ధంగానే ఉన్నది. బొంగుళూరు దగ్గర రింగురోడ్డు ఎక్కి, తుక్కుగూడ దగ్గర దిగితే బడంగ్‌పేట్ ఎంతో దూరం కాదు. ఒకే ప్రయాణంలో మసీ పోతుంది, పాలూ పొంగుతాయి. మా ఇంటి బర్రెపాలు చిన్న ఇత్తడి బిందెలో పోసి, మూతికి బట్ట కట్టి, కాళ్ల దగ్గర పెట్టుకొని ముందుసీట్లో కూర్చున్నాను. శ్రీజకు లైసెన్సు వచ్చి ఎంతో కాలం కాలేదు.

"నీ చూపు దారి మీదనే ఉండవలె. దీపం సంగతి నేను చూచుకుంటాను," అని ఆజ్ఞాపించినాను.

రింగురోడ్డు ఎక్కినాము. కారు దూసుకుపోతున్నది. కొంతసేపటికి బిందె ఒరిగింది. బెల్టు విప్పి, వంగి, బిందెను ఒడిలోకి తీసుకున్నాను. అప్పుడే కారు టింగుటింగుమన్నది. ఆ వెంటనే తమ్ముని ఫోను కూడా కారు స్పీకరులో మోగింది. అదంతా ఫోను చప్పుడే అనుకున్నది శ్రీజ. నేను తల ఎత్తి చూచేసరికి పసుపు దీపం లేదు. దానికి కాస్త ఇవతల, రక్తవర్ణంలో మరొక దీపం వెలుగుతున్నది. రోగం ముదిరిందని గ్రహించినాను. చెబితే పిల్ల భయపడుతుందని దాచినాను.

"అక్కా, యాడున్నవ్? అయ్యగారు గడియారం చూస్తుండు," అన్నాడు తమ్ముడు.

"వస్తున్నాను," అని ఫోను పెట్టేసినాను.

"నాయినమ్మా, లైటు ఆరిపోయిందా?"

"శుభకార్యానికి పోతూ ఆ మాట అనరాదు. కొండెక్కిందా అని అడుగు."

"సరే. కొండెక్కిందా?"

"లేదు. ఇంకొంచెం వేగం పెంచు."

"రోజు జర తొక్కితేనే తిడ్తవ్, ఇయ్యాల నువ్వే తొక్కమంటున్నవ్?"

తుక్కుగూడ బోర్డు వచ్చింది.

"ఇక్కడ దిగాలె, నాయినమ్మా."

"దీపం వెలుగుతున్నది. పోనీ."

"యాదగిరి తాత ఎదురుచూస్తుండు."

"పోనీ అన్నాను."

బోర్డు వెనుకకు పోయింది. మళ్లీ తమ్ముని ఫోను.

"అక్కా, ఏడిదాక వచ్చినవ్?"

"తుక్కుగూడ దాటినాము."

"దాటుడేంది? దిగాలె గద."

"దిగరాదు, తమ్ముడూ. ఇంజినులో మసి కాలుతున్నది."

"ఏం కాలుతుంది? అయ్యో, బండి దిగుండ్రి ముందు."

నేను వివరించేలోపల ఫోనులో తమ్ముని వెనుక నుంచి సరోజన గొంతు వినిపించింది. "వదినకు తీరుబడి లేకుంటే మా చెల్లె ఉన్నది గద. ఆమెను పొంగియ్యమను."

"నువ్వూకో. మా అక్క ఉండంగ ఇంకొకల చెయ్యి పడద్దు," అన్నాడు తమ్ముడు. ఆ మాటకు నా కళ్లు చెమర్చినాయి. "అక్కా, టైమైపోతుంది. ప్యాకెట్ పాలు పొయ్యి మీద పెడుతున్న. ఫోన్ గిన్నె పక్కకే పెడ్త. నువ్వు ఆడికెల్లి పొంగమను."

చేసేదేమున్నది? ఒడిలో బిందె పట్టుకొని, కళ్లు మూసుకొని, లక్ష్మీదేవిని తలచుకొని, పొంగవలసిందిగా ఆ పాలను ప్రార్థించినాను. నడుమ తమ్మునితో నా గోడు చెప్పుకున్నాను: "ఈ ఎర్రదీపం ఎంతకూ పోవడం లేదురా."

"ఎర్రదా?" అని శ్రీజ మొదటిసారి ఇటు చూచింది. "నాయినమ్మా, గది నువ్వు బెల్టు పెట్టుకోలేదని చెప్పే లైటు. ఇంజన్ లైటు ఎప్పుడో పోయింది."

పిల్ల వెంటనే పెద్ద గోల్కొండ దగ్గర కారును రింగురోడ్డు కిందికి దించింది. టోల్‌గేటు కర్ర అడ్డంగా ఉన్నది. బ్రేకు వేసింది. బిందె మూతికి కట్టిన బట్ట ఊడింది. బర్రెపాలు నా పట్టుచీరను, సీటును, చెప్పులను అభిషేకించినాయి.

సరిగ్గా అప్పుడే స్పీకరులో తమ్ముని గొంతు: "పొంగినయ్, అక్కా."

"ఇక్కడ కూడా," అన్నాను.

అవతలి నుంచి పురోహితుని గంభీరమైన ప్రశ్న: "ఆడపడుచు దగ్గర పాలు ఏ దిక్కుకు పొంగినయమ్మా?"

తూర్పుకు పొంగితే ఐశ్వర్యమంటారు. నాకు దిక్కు తోచలేదు. శ్రీజ ఫోనులో మ్యాపు చూచి చెప్పింది: "శంషాబాద్ దిక్కు."

కారు మలుపుకొని బడంగ్‌పేట్ చేరేసరికి బంధువులు విస్తళ్ల ముందు ఉన్నారు. ఎవరూ నన్ను క్షేమం అడగలేదు. అందరూ శంషాబాద్ సంగతే అడిగినారు. తడిసిన చీరతో నిలబడిన నన్ను చూచి సరోజన లోపలికి పోయి మడత నలగని పట్టుచీర తెచ్చి ఇచ్చింది. కట్టుకున్నాక తెలిసింది, అది వాళ్ల చెల్లెలిదని. పాలు పొంగించేటప్పుడు కట్టుకుందామని తెచ్చుకున్నదట.

కారులోని మసి మాత్రం నిశ్శేషంగా పోయిందని మహబూబ్ చూచి చెప్పినాడు. అది ఎక్కడికి పోయిందో, ఆ చీరలో పంక్తిలో కూర్చున్న నా ముఖం చూచినవారందరికీ తెలుసు.