గుండ్రటి మొన కత్తి

తెలంగాణ బంద్ రోజు ఉదయం 9:40కి దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఎల్బీనగర్‌కు కాలినడకన బయలుదేరాను. నిర్మానుష్యమైన రోడ్డు మీద ఒక అపరిచితుడు తోడయ్యాడు. మేకల తోలు ఒలవడం ఆయన పని. సగం దారిలో బస్టాపు బెంచీ మీద కూర్చున్నప్పుడు, సంచిలోంచి కత్తి తీసి చూపించాడు. అయిదంగుళాల పొడవు, వంపు తిరిగిన అంచు, గుండ్రటి మొన.

"అందరు పదును చూసి కొంటరు సార్. నేను మొన చూస్త. సూదిలెక్క ఉంటే తోలుకు బొక్క పడ్తది. బొక్క తోలు ఎవడు కొంటడు?"

లోహాలను పరీక్షించడం నా ఉద్యోగం. నేనూ మొదట పదునే చూశాను.

రెండు వందల మీటర్ల ముందు పోలీసులు సంచులు వెతుకుతున్నారు. ఆయన కత్తిని మా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టాడు. తోలు ఒలిచేవాళ్లలో కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు.

"మీ మెడల ఆఫీసు కార్డున్నది, మిమ్మల్ని ఆపరు. జర అవతలిదాక తీస్కపోండ్రి. గిది పోతే నా చెయ్యి పోయినట్టే."

నేను ముట్టుకోలేదు. ఆయనే తీసి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

"ఏం కాదు తియ్యి సార్, పరేషాన్ గాకుండ్రి."

పోలీసులు ఆయన్ని జీపు ఎక్కించారు. నా సంచి తెరవనే లేదు. మిగిలిన రెండు కిలోమీటర్లు ఒక్కడినే నడిచాను.

ఆయనకు పోయినవి: ఒక కత్తి, ఆ రోజు పని, ఆ తరువాత ఎన్ని రోజులో తెలియదు. నా వైపు నష్టం ఏమీ లేదు.