ముప్పై తొమ్మిది స్పానిష్ వాక్యాలు

నేను ఒక మనిషిని చంపాను. కత్తితో కాదు, కర్రతో కాదు, స్పానిష్ భాషతో. చనిపోయినావిడ ఆ మధ్యాహ్నమే నడుచుకుంటూ వచ్చి "టీ ఉందా?" అని అడిగింది కాబట్టి సంగతి పోలీసుల దాకా వెళ్లలేదు. అయినా ఆ పాపం నా నోటికి అంటుకునే ఉంది.

డెబ్భైల చివరి మాట. అరకు స్టేషన్‌కి నాలుగు మైళ్ల అవతల ఒక కొండ ఊళ్లో నేను బడిపంతుల్ని. విజయనగరం వైపు నుంచి వచ్చినవాణ్ణి, పాతికేళ్లవాణ్ణి, నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. బడి పక్కనే మిషన్ వాళ్ల ఆసుపత్రి. ఆసుపత్రి అంటే రెండు గదులూ, ఆరు మంచాలూ, సిస్టర్ పిలార్. ఆవిడది స్పెయిన్. ఈ కొండల్లోకి వచ్చి పదకొండేళ్లయింది. తెలుగంతా రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి పుస్తకం తెలుగు ఒక్క ముక్క రాదు. "ఏటి మాస్టారూ, బేగి రండి" అని ఆవిడ పిలిస్తే, కళ్లు మూసుకున్నవాడికి మా మేనత్తే.

ఆవిడకి తెలుగు చదవడం నేను నేర్పాలి, నాకు స్పానిష్ ఆవిడ నేర్పాలి. అదీ ఒప్పందం. నాకు స్పానిష్ ఎందుకని మాత్రం అడక్కండి. అప్పటికి నేను తుని దాటి ఎరగను. కానీ ముందు భాష వస్తే దేశం దానంతటదే వస్తుందని నా నమ్మకం. సాయంత్రాలు ఆసుపత్రి అరుగు మీద కూర్చుని, ప్రయాణాలకీ రోజువారీ బతుక్కీ పనికొచ్చే నలభై వాక్యాలు ఆవిడ చెబుతుంటే తెలుగు లిపిలో రాసుకున్నాను.

మొదటి వాక్యం దగ్గరే పేచీ వచ్చింది.

"నో ఎంతియెందో," అందావిడ. "నాకు అర్థం కాలేదు అని. ముందు ఇదే నేర్సుకోవాలి."

"మీ దేశంలో అడుగుపెట్టి మొదటి మాటే ఓడిపోయాననాలా సిస్టర్? రోజూ పిల్లలు నాతో అనే మాట అది. నేననడం ఏం బాగుంటుంది?"

"మీ ఇష్టం మాస్టారూ. తరవాత ఇబ్బంది పడతారు."

ఆ వాక్యం కొట్టేశాను. మిగిలిన ముప్పై తొమ్మిదీ కంఠస్థం చేశాను. స్టేషన్ ఎక్కడ? గది అద్దె ఎంత? ఈ రొట్టె నిన్నటిదా? నాకు కిటికీ పక్క సీటు కావాలి. సాధన ఎక్కడ చేయాలి మరి? శుక్రవారం సంతలో అల్లం అమ్మే ముసలమ్మని, ఈ రొట్టె నిన్నటిదా అని స్పానిష్‌లో అడిగాను. ఆవిడ నా ముఖం చూసి జాలిపడి ఒక కొమ్ము ఎక్కువేసింది. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. ముప్పై తొమ్మిది మెతుకులున్న విస్తరి అంతకంటే ఎత్తు ఎగురుతుంది.

ఇలా ఉండగా సిస్టర్ వాళ్లమ్మ వస్తున్నానని ఉత్తరం రాసింది. డెబ్భై ఏళ్ల మనిషి, పదకొండేళ్లుగా చూడని కూతురి కోసం సముద్రాలు దాటి వస్తోంది. సిస్టర్ ఆ వారమంతా నేల మీద నిలవలేదు. అరుగుకి తనే సున్నం వేసింది. తీరా రైలొచ్చే రోజు పొద్దున్నే కొండమీది గూడెం నుంచి కబురొచ్చింది, కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని. అక్కడికి బండి దారి లేదు. మధ్యలో గెడ్డ ఒకటి, అంటే కొండవాగు, వానలకి పొంగి ఉంది. సిస్టర్ మందుల సంచీ భుజానికి తగిలించుకుని నా దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, మా అమ్మని మీరే తేవాలి. ఈ సీటీ ఆమె సేతికివ్వండి."

"చీటీ ఎందుకు సిస్టర్? నేను మాట్లాడతాను కదా?"

"ఇవ్వండి," అని కొండెక్కింది.

నేనుండగా కాగితం మాట్లాడ్డమేమిటని చీటీ మడిచి జేబులో పెట్టాను. పైన చేతిరుమాలు కుక్కాను.

స్టేషన్లో రైలు దిగిన ఆ పెద్దావిడ సన్నగా ఉంది. చేతిలో నల్లసంచీ. కళ్లు నా వెనకాల ఎవరినో వెతుకుతున్నాయి. "బ్వేనోస్ దియాస్, సెన్యోరా!" అన్నాను. అంటే శుభోదయం అమ్మా, అని. ఇన్ని రోజుల ప్రయాణం తరవాత తన మాట వినపడేసరికి ఆవిడ ముఖం విప్పారింది. ఇక మాటలు గెడ్డ పొంగినట్టు వచ్చి పడ్డాయి.

నాకొక్క ముక్క అర్థం కాలేదు. నా నోటుపుస్తకం నిండా అడగడమే గానీ, అవతలివాళ్లు చెప్పేది వినే ఏర్పాటు అందులో లేదు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా వైపు పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఊ కొట్టాలి. కొట్టకపోతే చెవుడనుకుంటారు, లేదా పొగరనుకుంటారు. "ఊ కొట్రా గుంటడా!" అని మా నాయనమ్మ చేత మొట్టికాయలు తిన్న ప్రాణం నాది. ఊఁ అంటే అవునని కాదు, వింటున్నానని. మరి స్పెయిన్ మనిషికి ఊఁ అంటే ఏం బాగుంటుంది? అందుకని ఆ భాషలోనే "సీ" అని కొట్టాను. సీ అంటే అవును. మౌనం అర్ధాంగీకారమైతే స్పానిష్‌లో ఊ కొట్టడం సంపూర్ణాంగీకారమని నాకేం తెలుసు?

ఎడ్లబండి కదిలింది. దారికి రెండు పక్కలా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. ఆవిడ వాటివైపు చూడనైనా చూడకుండా నన్నే అడుగుతోంది. ఏమడిగిందో సిస్టర్ తరవాత విడమరిచి చెప్పింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను.

"నా కూతురు ఎందుకు రాలేదు? ఒంట్లో బాగాలేదా?"

"సీ, సెన్యోరా."

"జబ్బు పెద్దదా?"

"సీ, సీ."

ఆవిడ గొంతు తగ్గింది. నా చెయ్యి పట్టుకుంది. "దాచకు నాయనా. పోయిందా?"

"సీ, సెన్యోరా. మూయ్ బియేన్!" అన్నాను. అంటే, చాలా బాగుంది.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. సంచీలోంచి నల్లగుడ్డ తీసి తల మీద కప్పుకుంది. ఎండకి కాబోలనుకున్నాను. బండి తోలే సోమ్రా వెనక్కి తిరిగాడు.

"మాస్టరూ, ముసలమ్మ ఏడుత్తంది."

"కొండలు చూసి ఆనందంరా."

"కొండలు సూసి ఎవులేడుత్తారు?"

నాకూ అనుమానం వచ్చింది. ఏదో ఒకటి మాట్లాడి ఓదార్చాలి కదా? కిటికీ పక్క సీటు కావాలా అని అడిగాను, ఎడ్లబండిలో.

ఆసుపత్రి దగ్గర వంటమనిషి మరియమ్మ బంతిపూల దండ పట్టుకుని నిలబడి ఉంది. పెద్దావిడ దండ చూడలేదు. అరుగు మీద గోడకున్న సిస్టర్ ఫోటో దించి, ఒళ్లో పెట్టుకుని, చేత్తో తుడుస్తూ కూలబడిపోయింది. మరియమ్మ ఫోటో చూసింది, నల్లగుడ్డ చూసింది, నన్ను చూసింది.

"మా సిస్టరమ్మకి ఏటైనాది మాస్టారూ? గెడ్డ దాటతంటే ఏటైనా..." అని తనే అనుకుని తనే గుండెలు బాదుకుంది. మంచాల మీది రోగులు లేచి వచ్చారు. జ్వరంవాళ్లు జ్వరంతో, కట్లవాళ్లు కట్లతో ఏడుపు అందుకున్నారు.

సిస్టర్ పొద్దున ఆ గెడ్డ వైపు వెళ్లడం నేను కళ్లారా చూశాను. అంత దూరం నుంచి వచ్చిన తల్లికి ఎలా తెలిసిందంటారా? కన్నపేగుకి తెలియదా అనుకున్నాను. నా నోట పుట్టిన చావుని నేనే నమ్మి, అందరికంటే గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపులో మాత్రం వేషం లేదు. ఆవిడ మళ్లీ ఆ అరుగెక్కదనుకుంటే నిజంగా భయమేసింది.

అప్పుడు వెనకనుంచి గొంతు వినపడింది. "ఆడపిల్ల పుట్టినాది, తల్లీ పిల్లా బాగున్నారు. మరియమ్మా, టీ ఉందా? ఏటిది, ఎవులు పోనారు?"

పెద్దావిడ తలెత్తింది. ఫోటో ఒళ్లోంచి జారింది. లేచి వెళ్లి, మోకాళ్లదాకా బురదతో ఉన్న కూతురి నుదురూ, చెంపలూ, భుజాలూ రెండు చేతులతో తడిమి చూసింది. తరవాత చెంప మీద ఒక్కటి వేసింది. ఆ తరవాత కౌగిలించుకుని ఎంతసేపటికీ వదల్లేదు. మేమందరం పక్కకి తిరిగాం.

కాసేపటికి తల్లీకూతుళ్లిద్దరూ నా వైపు చూశారు. చెమట తుడుచుకుందామని చేతిరుమాలు లాగాను. చీటీ కింద పడింది.

పెద్దావిడ తీసి చదివింది. మళ్లీ నన్ను చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని వణికాను. నవ్వుతోంది.

"అందులో ఏం రాశారు సిస్టర్?"

"కాన్పుకి ఎల్తన్నాను, మజ్జేనానికి వచ్చేత్తాను అమ్మా. ఈ మాస్టారు మంచోడు. మన బాస మాటాడతాడు గానీ సెప్తే ఒక్క ముక్క అర్థం కాదు. ఏటీ అడక్కు."

నెల తరవాత పెద్దావిడ తిరుగు ప్రయాణం. స్టేషన్‌కి నేనూ వెళ్లాను, ఈసారి సిస్టర్ వెనకాల నిలబడి. రైలెక్కబోతూ పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. సీ అని గొంతుదాకా వచ్చింది. మింగేసి, నేను కొట్టేసిన ఆ మొట్టమొదటి వాక్యం ఇన్నాళ్లకి పైకన్నాను.

"నో ఎంతియెందో, సెన్యోరా."

ఆవిడ నా చెంప నిమిరింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇక మిగిలింది నా భాషే కాబట్టి, చెయ్యెత్తి తెలుగులోనే ఒట్టేశాను. "అమ్మా, ఈ రైలు సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో అర్థం కాని మాటకి ఊ కొట్టను. కొడితే నా నోట్లో ముప్పై తొమ్మిది పురుగులు పడాలి."

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నెల రోజులు మరియమ్మ వంటింట్లో కూర్చుంది కదా, తల ఊపుతూ ఎంతో మర్యాదగా అంది.

"ఊఁ."