ముప్పై రెండు కిలోమీటర్ల అత్త

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చిన ఉదయం ఎంత మామూలుగా మొదలైందో ముందు చెప్పాలి.

నాలుగింటికి లేచాను. చెప్పులేసుకుని శారదా నది వంతెన దాకా నడిచి, అక్కడి నుంచి మార్కెట్ వీధి చుట్టి ఇంటికొచ్చాను. వాకిలి కడిగి ముగ్గు పెట్టాను. నందివర్ధనం పూలు సగం నేల రాలాయి. చెట్టున ఉన్నవి కోసి దీపం పెట్టుకున్నాను. పాలు పొయ్యి మీదకెక్కించి, ఫోను గట్టు మీద కనబడేలా నిలబెట్టాను. ఆరూ పదికి అత్త ఫోన్ చేస్తుంది. బాగున్నావా అని అడగదు. ఆ పూట తాను నడిచిన కిలోమీటర్లెన్నో చెబుతుంది. "తొమ్మిది" అంటుంది. నేను నావి చెప్పాలి. "అయిదు" అంటాను. "సరే, కాఫీ తాగు" అని పెట్టేస్తుంది. పది నెలలుగా మా మాటలింతే.

ఆ రోజు ఆరూ పది దాటింది. కాఫీ కలుపుకున్నాను, చల్లారింది. ఆరూ నలభైకి ఫోను మోగింది. అత్త నంబరే.

"ఏడు!" అన్నాను, అవతలి గొంతు వినకుండానే. ఆదివారాల పెద్ద నడక సంగతి వేరు. మామూలు రోజున నాకు ఏడు ఎప్పుడూ రాలేదు.

అవతల ఆమె కొడుకు. "వదినా, అమ్మ లేదు" అన్నాడు.

పొలం నుంచి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుందట. కోడలు టీ తెచ్చేసరికి తల గోడకి ఆన్చి ఉందట. అరవై ఎనిమిదేళ్ళు. ఆ రోజు ఎన్ని నడిచిందో ఎవరికీ చెప్పలేదు.

మాకవరపాలెం దగ్గర పల్లెలో చెరకు, వరి వేసుకుని బతికిన మనిషి. మామయ్య పోయాక కూడా సేద్యం వదలలేదు. నాలుగేళ్ళ కిందట షుగర్ బయటపడింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. పక్కన నేనూ ఉన్నాను.

"ఎక్కడికి బాబూ?" అంది అత్త.

"ఎక్కడికీ కాదమ్మా, ఊరికే నడవాలి."

"ఊరికే నడవడానికి నేనేటి తప్పిపోయిన గేదెనా? నడిత్తే ఓ సోటుకి సేరాల. ఆ సోటేటో సెప్పు."

ఆయన నవ్వి, "సింహాచలం కొండ చుట్టూ తిరుగు" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. అత్త వేళాకోళంగా తీసుకోలేదు. బయటికొచ్చి బస్సెక్కేలోపే నిర్ణయం అయిపోయింది. ఆషాఢ పౌర్ణమి ముందురోజు అప్పన్న కొండ చుట్టూ జనం చేసే గిరి ప్రదక్షిణ, ముప్పై రెండు కిలోమీటర్లూ కాలినడకన చేసి తీరాలని.

మా తమ్ముడు విని పడీపడీ నవ్వాడు. "అత్తా, సెంటర్లో కొట్టుకెళ్ళాలంటే నువ్వు ఆటో పిలుత్తావు గదా!"

"అవున్రా. ఒకేపాలి ముప్పై రెండూ నడిసేసి, మరి పిలవను."

వాళ్ళ చెరకు మడి చుట్టూ గట్టు మీద తిరగడం మొదలుపెట్టింది. ఊళ్ళో దాన్ని కిలోమీటరు మడి అంటారు. చుట్టూ ఒకసారి తిరిగితే సరిగ్గా కిలోమీటరని మామయ్య అందరికీ చెప్పేవాడు. అత్తకి లెక్క సులువైపోయింది. కొంగున చింతపిక్కలు కట్టుకునేది. ఒక చుట్టు అయ్యాక మోటారు షెడ్డు కిటికీలో ఒక పిక్క పెట్టేది.

మడి ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి. ఒకసారి నేను వెళ్ళినప్పుడు వాన పడి, ఒక మూల గట్టు తెగి, మోకాలి లోతు బురద. "ఇటు నుంచి తిరిగి వెనక్కి వచ్చేద్దాం అత్తా" అన్నాను.

"సామి సుట్టూ ఎడంసేతి మీదుగా తిరుగుతామేటే పెద్దదానా? కాళ్ళకి ఇప్పుడే నేర్పాల" అని చీర ఎత్తి కట్టి బురదలో దిగింది. నేనూ దిగక తప్పలేదు. ఒక చెప్పు ఇప్పటికీ ఆ బురదలోనే ఉంది.

ఆ జ్యేష్ఠ మాసంలో ఒక్క రోజులో ఇరవై పిక్కలు పెట్టింది. ఊరంతా ఫోన్లు చేసింది మాకు. ఇరవై నడిచిన మనిషికి ఇంకో పన్నెండు ఎంత? అందరం ధీమాగా పంపించాం. కొండ కింద, ప్రదక్షిణ మొదలయ్యేదీ ముగిసేదీ అయిన తొలి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరింది. అడవివరం దాటింది, హనుమంతవాక దాటింది. అప్పూఘర్ దగ్గర సముద్రం కనబడేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఇంక ఒక్క అడుగు కదలలేదు. తమ్ముడు ఆటోలో ఎక్కించి తీసుకొచ్చాడు. మర్నాడు గట్టు మీదకి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. చింతపిక్కలు కోడలికిచ్చేసింది. మాకు అప్పుడు భయం వేసింది.

తమ్ముడికి అనుమానం వచ్చి, ఫోను జేబులో పెట్టుకుని మడి చుట్టూ తిరిగాడు. ఆరు వందల మీటర్లు. మళ్ళీ తిరిగాడు. మళ్ళీ ఆరు వందలే. మూడు రోజులు ఈ మాట ఆమెకి ఎవరూ చెప్పలేకపోయారు. "నువ్వు పెద్దదానివి అప్పా, నువ్వే సెప్పు" అని నా మీద పెట్టారు.

వెళ్ళేసరికి బియ్యం ఏరుతోంది. దేవుణ్ణి తలచుకుని చెప్పేశాను. ఆమె చేట పక్కన పెట్టింది. పెదాలు కదిలాయి. వేళ్ళ మీద ఏదో లెక్క వేసింది. తర్వాత ఒక్కసారిగా లేచి నిలబడింది.

"ఓలమ్మా! ఇరవై సుట్లంటే పన్నెండు కిలోమీటర్లే గదా?"

"అవునత్తా."

"సముద్రం కాడికి ఎంత?"

"పన్నెండు, పదమూడు ఉంటుంది."

"అంటే నేను ఓడిపోలేదే! పన్నెండు నేర్సుకున్నాను, పన్నెండు నడిసేను! ఒక్క అడుగు తక్కువ నడిసేనేటి?" ఏరిన బియ్యంలో ఏరనివి కలిసిపోయాయి. ఆమె చూసుకోలేదు. వాకిట్లోకి వెళ్ళి కోడల్ని పిలిచింది, పక్కింటివాళ్ళని పిలిచింది. అందరికీ అదే మాట. మధ్యలో గోడ మీది ఫొటో చూసి, "మీ మావ మీదే నాకు కోపం. మడిని పెద్దది సేసి సెప్పేడు, నలభై ఏళ్ళు నన్ను నమ్మించేడు" అంది. కోపమేమీ లేదు. నవ్వుతూనే ఉంది. ఆ సాయంత్రమే మళ్ళీ గట్టెక్కింది.

అయినదానికి బాధపడకుండా, తెలిసినదానికి సంబరపడడం నేను అక్కడ చూశాను.

ఆ ఏడాదంతా నడిచింది. మధ్యలో జ్వరం వచ్చి పన్నెండు రోజులు మంచం పట్టింది. లేచాక ఒక్క చుట్టుతో మొదలుపెట్టింది. పోయిన రోజులకి కలిపి నాలుగు ఎక్కువ తిరగొచ్చు కదా అన్నాను. "నిన్న తినని అన్నం ఇయ్యాల కలిపి తింటామేటి? ఇయ్యాలది ఇయ్యాలే" అంది. ఇంకో మాట కూడా అనేది. నాకు బద్ధకంగా ఉందని ఫోన్లో చెప్పినప్పుడల్లా అదే మాట. "బుద్ధి పుట్టేదాకా కూకోకు. ముందు సెప్పులేసుకో. బుద్ధి ఎనకాల అదే వత్తాది."

మరుసటి ఏడూ మధ్యాహ్నం బయల్దేరింది. మర్నాడు తెల్లవారేసరికే తొలి మెట్టు దగ్గర మేమందరం చేరాం. జనం వస్తూనే ఉన్నారు. తమ్ముడు మాటిమాటికీ రోడ్డు మధ్యకి వెళ్ళి చూస్తున్నాడు. నేను నామం చెప్పుకుంటున్నానే గాని మనసు నిలవడం లేదు. ఏడింటికి కనబడింది. ఒంటరిగా లేదు. కాలేజీ ఆడపిల్లలు నలుగురు ఆమెతో ఉన్నారు. ఇద్దరు కుంటుతున్నారు. వాళ్ళని గదమాయిస్తూ నడిపించుకొస్తోంది.

"మమ్మల్ని ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కూర్చోనివ్వలేదండీ ఈ మామ్మ" అంది ఒకమ్మాయి మాతో.

"కూకుంటే లేవలేరు, నాకు తెలీదేటి?" అంది అత్త. మెట్టుకి నుదురు ఆనించింది. లేచి మమ్మల్ని చూసి, "ముప్పై రెండు!" అని అరిచింది. తమ్ముడు ఏడ్చేశాడు. "ఏడుపెందుకురా ఎదవా, ఇడ్లీ ఎక్కడ దొరుకుతాదో సూడు" అంది.

అక్కడే, ఇడ్లీ తింటూ, నన్ను పట్టుకుంది. నాకు బీపీ, మోకాళ్ళ నొప్పులు. ఏది మొదలుపెట్టినా వారం దాటించను. "దీపం ఒక్కరోజు మానవు గదా. ఆ బుద్ధే కాళ్ళకి కూడా సెప్పు. వచ్చే ఏడు ఇద్దరం" అంది.

అలా నిరుడు ఇద్దరం బయల్దేరాం. హనుమంతవాక దగ్గర నేను రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఆమె ఒంట్లో ఇంకా బోలెడు శక్తి ఉంది. నువ్వు వెళ్ళు అత్తా అని బతిమాలాను. వెళ్ళలేదు. నాతోపాటు ఆటో ఎక్కింది. ఆటో పిలవనన్న మనిషి నా కోసం ఎక్కింది.

"నా వల్ల నీ ఏడాది పోయింది" అన్నాను.

"నాది అయిపోయిందే. ఇప్పుడు నడుత్తన్నది నీది. రేపొద్దున్న ఆరూ పదికి ఫోను సేత్తాను. ఎంతో సెప్పు" అంది.

మర్నాడు చేసింది. నేను ఒకటి అన్నాను. ఆ ఒకటికి ఆమె ఎంత పొంగిపోయిందో! కొడుకుని పిలిచి చెప్పడం నాకు వినబడింది. పది నెలల్లో ఒక్క ఉదయం తప్పలేదు. ఆదివారాలు పెద్ద నడక. పన్నెండయ్యాయి, పద్దెనిమిదయ్యాయి. ఆమె పోవడానికి ముందు ఆదివారం ఇరవై రెండు. "ఇంక పదే" అంది ఫోన్లో. ఆ గొంతులో సంతోషం నా చెవిలో ఉంది. దుఃఖంలో ఉండవలసిన రోజుల్లో ఇది రాస్తున్నాను, కానీ ఆమెని తలచుకుంటే కాళ్ళు ఒక చోట నిలవవు. ఏం చేయను?

పదకొండో రోజు కార్యం అయ్యాక, సాయంత్రం అందరం అరుగు మీద కూర్చున్నాం. ప్రదక్షిణకి ఇంకా నెల ఉంది. ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. చివరికి నేనే ఎత్తాను. ఆమె లేకుండా నడవగలనో లేదో నాకు తెలియదు. ఈ ఏడు మానేస్తే మాత్రం మరి మొదలుపెట్టనని తెలుసు. అదీ చెప్పాను.

"ఈ ఏడు వద్దప్పా. అప్పటికి మనిషి పోయి రెండు నెలలు కూడా అవదు, జనం ఏటనుకుంటారు?" అన్నాడు తమ్ముడు. "పైగా నువ్వు పడిపోతే?"

"పెళ్ళైన మేనత్తకి మనకి మూడు రోజులే మైల. అయిపోయింది" అంది మా చెల్లెలు.

"మైల మాట కాదే నేనంటున్నది."

తల్లి పోయిన కొడుకు ఏడాది దాకా కొండకెళ్ళకూడదంటారు మా వైపు. అత్త కొడుకు గుండు తడుముకుంటూ అన్నాడు. "నేను గుళ్ళోకి రాకూడదు. రోడ్డు మీద నిలబడొద్దని ఎవడన్నాడు బావా? వదిన నడుత్తాది. మనం దారిలో నిలబడదాం."

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు. నేను ఒక్కదాన్నే నడవాలి, తొలి మెట్టు నుంచి. చెల్లెలు అడవివరంలో. తమ్ముడు హనుమంతవాకలో, నేను కూర్చుండిపోయిన చోటే, కూర్చోనివ్వకుండా. కొడుకు సముద్రం దగ్గర. అడవివరంలో నన్ను దాటించాక చెల్లెలు మాధవధారకి వెళుతుంది. కోడలు చివర్లో. నీళ్ళు ఇవ్వొచ్చు, మజ్జిగ ఇవ్వొచ్చు. నాతో కలిసి నడవకూడదు, బండి ఎక్కమని అడగకూడదు. అలా నిశ్చయమైంది. కొండ చుట్టూ అన్ని మలుపుల్లోనూ మా వాళ్ళు ఒక్కొక్కరూ, చేతిలో చెంబుతో, నేను రావలసిన వైపుకే తిరిగి నిలబడి ఉంటారు.