జపాన్ బొమ్మల్లో శ్రీకాకుళం మాట

నేను జపాన్ ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా 2010 నుంచి దాదాపు రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆ దేశంలోని ఒక సముద్రతీరపు ఊరి కథను బొమ్మలుగా గీసి ఇంటర్నెట్‌లో పెట్టాను. గీసింది మాత్రం లండన్ శివారు హేస్‌లో. హీత్రోకి వెళ్ళే విమానాలు ఇంటి కప్పుల మీదుగా దిగే వీధిలో ముగ్గురం ఆడపిల్లలం ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. అందులో నాది మేడమీద చిన్న గది.

మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పిచ్చి నాకు రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు పట్టింది. హాస్టల్లో ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో వచ్చిన పేజీలను కుడి నుంచి ఎడమకు చదవాలని తెలియక మొదటి పుస్తకం మొత్తం తిరగేసి చదివి, చచ్చినవాడు బతికి బడికి వెళ్ళడం చాలా గొప్పగా ఉందనుకున్నాను. ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ వచ్చాక, క్లాసులూ, విమానాల్లో ఇచ్చే శాండ్‌విచ్‌లు సర్దే షిఫ్టులూ పోగా మిగిలిన ఖాళీలో నేనే ఒక కామెడీ మొదలుపెట్టాను. సముద్రం ఒడ్డున ఒక బోర్డింగ్ హౌస్. అందులో ఒక కుర్రాడు, తిరగేసిన చీపురు లాంటి జుట్టుతో. ఎదురుగదిలో ఒక అమ్మాయి, ముఖంలో సగం కళ్ళే. వారానికొకసారి ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుని పడిపోవాలి, ఎర్రబడాలి. మాటలన్నీ ఇంగ్లీషులో.

చదివేవాళ్ళు కొద్దిమందే అయినా కచ్చితమైన మనుషులు. జపాన్ నుంచి ఒకావిడ చాలా మర్యాదగా రాసేది. "మీ బొమ్మలు బాగున్నాయి. ఒక చిన్న సందేహం. మీ కథలో ప్రతి బాత్‌రూమ్‌లోనూ ఒక ప్లాస్టిక్ మగ్గు ఎందుకుంది?" ఇంకోసారి, "అవునని చెప్పడానికి మీ పాత్రలు తలను పక్కలకు ఊపుతున్నాయి, మెడనొప్పా?" అని. వంటింట్లో నేను గీసిన ప్రెషర్ కుక్కర్‌ని ఆవిడ ఏదో పూజా పాత్ర అనుకుంది.

అందరూ ఒప్పుకున్న విషయం ఒకటుంది. హీరో దండగ. హీరోయిన్ ఇంకా దండగ. వాళ్ళకు కావలసింది పక్క పాత్రలు. ముఖ్యంగా ఇద్దరు. ఒకరు బోర్డింగ్ హౌస్ వార్డెన్. పొట్టిగా గుండ్రంగా ఉండి, ఫ్రిజ్ మీద రోజుకొక రూలు కాగితం అంటించే మనిషి. ఇంకొకరు హీటర్ ముసలాయన. ఎవరెక్కడ మాట్లాడుకుంటున్నా వెనక కిటికీలో ఆయన తల కనబడుతుంది, "హీటింగ్ ఎవరు వేశారు?" అని.

ఈ ఇద్దర్నీ నేను పుట్టించలేదు. వార్డెన్ మా ఇంట్లోనే ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్దది, వరంగల్ అమ్మాయి, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇంట్లో ఎవరు ఏ రోజు ఏ గిన్నె తోమాలో రోటా రాసి ఫ్రిజ్‌కి అంటించింది ఆవిడే. హీటర్ ముసలాయన మా ఇంటి ఓనరు, పక్కింట్లోనే ఉండే గుజరాతీ అంకుల్. మీటర్ చూడ్డానికని వచ్చి, రేడియేటర్ల మీద చెయ్యి పెట్టి జ్వరం చూసినట్టు చూసి వెళ్ళేవాడు.

ఒక శనివారం నేను స్నానానికి వెళ్తూ లాప్‌టాప్ మూయడం మర్చిపోయాను. వచ్చేసరికి అక్క నా మంచం మీద కూర్చుని పేజీలు తిప్పుతోంది. ఇల్లు మారాల్సిందే అనుకున్నాను.

"గీమె నేనేనా?" అంది.

"ఎవరక్కా?"

"ఫ్రిజ్‌కు కాగితం అంటిస్తున్నది."

అబద్ధం ఆడడానికి తల మీద తువ్వాలు కూడా సాయం రాలేదు. అవునన్నాను. ఆవిడ మరో రెండు పేజీలు చదివింది.

"నేను గింత పొట్టిగున్ననా?"

"కొంచెం పెంచి గీశానక్కా." పెంచి అనకూడదని అన్నాక తెలిసింది.

"రూల్స్ మంచిగ రాసినవ్ గని, నేను ప్లీజ్ అననే అనను. గా ముక్క తీసెయ్. ఇంకోటి, హీటర్ లొల్లిల ఆ ముసలాయన గెలుసుడేంది? వచ్చే వారం నేను గెల్వాలె."

ఆ రోజు నుంచి ఆవిడ నా ఎడిటర్. శనివారం సాయంత్రం పేజీలు చూపించకుండా పెట్టడానికి వీల్లేదు. వార్డెన్ గెలిచింది, మూడు వారాలు వరసగా. ఆ సంగతి ఆవిడే అంకుల్‌కీ చెప్పేసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన బొమ్మను దగ్గరగా చూసి, జుట్టు బాగా గీశావని మెచ్చుకున్నాడు. ఆయనకు జుట్టు లేదు. జపాన్ వాళ్ళకు బట్టతల ఎలా గీయాలో తెలియక పెట్టాను.

ఇంట్లో మూడో అమ్మాయి ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. నాతోపాటే ఎమ్మెస్సీ, కాకపోతే వేరే సబ్జెక్టు. వారంలో మూడు రోజులు ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే పని. ఈమె గురించి ఇంతవరకు ఎందుకు చెప్పలేదంటే, అప్పట్లో నాకు ఆమె గురించి చెప్పడానికి ఏమీ తెలియదు. వండుకునేది, తినేది, గిన్నె తోమి బోర్లించేది, తలుపు వేసుకునేది. ఏదైనా అడిగితే ఊఁ అనేది, లేకపోతే ఊఁహూఁ.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో నేను ఉల్లిపాయలు కోస్తుంటే ఆమె బియ్యం కడుగుతోంది. నీళ్ళు ఒంపుతూ, నా వైపు చూడకుండా అంది.

"నీ బొమ్మలన్నీ సదివినాను. మొదట్నుంచీ."

"ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి. గుమ్మం కాడ రెండు జతలు చెప్పులేసినావు."

నాకు అర్థం కాలేదు. ఆమె గిన్నె కింద పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఆ ఇల్లు మన ఇల్లే కదా. అక్కుంది, నీ చెప్పులున్నాయి, అంకులున్నాడు. అంకుల్ గొడుగు కూడా ఉంది. నానేదీ?"

"నువ్వు మంచిదానివి కదా, నిన్నేమని వెక్కిరిస్తాను?" అన్నాను. అప్పటికప్పుడు తోచిన జవాబు. చాలా తెలివైనదనుకున్నాను కూడా.

"మంచిదాన్నని మానేసినావేటి, నానున్నట్టు నీకు గురుతే నేదా?"

ఆమె కోపంగా అనలేదు. బియ్యం పొయ్యి మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను ఉల్లిపాయల వంకతో కాసేపు ముక్కు తుడుచుకున్నాను. నిజం ఏమిటంటే, ఆమె చెప్పులు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఆ సాయంత్రం గుమ్మం దగ్గరకు వెళ్ళి చూశాను. నీలం రంగువి, వెనక పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది.

తర్వాతి వారం ఆమెను కథలోకి తెచ్చాను. బోర్డింగ్ హౌస్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయి, ముఖం మీద జుట్టు, ఎవరితోనూ మాట్లాడదు, వానలో కిటికీ దగ్గర నిలబడి కన్నీరు కారుస్తుంది. నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. పాఠకుల్లో ఒక్కరూ ఆమె గురించి ఒక్క ముక్క రాయలేదు. శ్రీకాకుళం అమ్మాయి తెర మీద చూసి, "ఇది నాను కాదు. నానెప్పుడేడ్సినాను?" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

అక్క తీర్పు ఇంకా నిర్మొహమాటంగా ఉంది. "నీకామె తెల్వదు. తెల్వకుండ ఏం గీస్తవ్?"

దాంతో ఒక శనివారం నేను ఆమె వెనకాల కేర్ హోమ్‌కి వెళ్ళాను. నాకూ అక్కడ పనేమైనా దొరుకుతుందేమో కనుక్కుంటానని వంక చెప్పాను. బస్సులో ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. అక్కడ ఆమె యూనిఫాం వేసుకుని హాల్లోకి వెళ్ళింది. నేను తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాను.

అయిదు నిమిషాల్లో లోపలి నుంచి తెలుగు వినబడింది. గట్టిగా, సాగదీస్తూ, గొంతునిండా.

"ఓరి ముసలోడా, మళ్ళీ బిళ్ళ దాసినావేటి? సూపించు, జేబు సూపించు."

ఎదురుగా ఒక తెల్ల ముసలాయన. పాతరోజుల్లో బస్సు డ్రైవరట, ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోవడానికి సిద్ధంగా ఉంది. ఇద్దరి మధ్య చుక్కల బిళ్ళలాట, డామినోలు. ఆయన జేబులోంచి ఒక బిళ్ళ తీసి అమాయకంగా బల్ల మీద పెట్టాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ని శ్రీకాకుళం భాషలో ఏకధాటిగా రెండు నిమిషాలు తిట్టింది. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆమె వీపు రాసి, మంచినీళ్ళు పట్టి, ఆ సందులోనే రెండు బిళ్ళలు తన యాప్రాన్ జేబులోకి నెట్టింది. నేను చూశాను. చుట్టూ ఉన్న ముసలమ్మలూ చూశారు. ఒక్కరూ బయటపెట్టలేదు. ఆట ఆమే గెలిచింది. గెలిచి, చప్పట్లు కొట్టండని అందరికీ సైగ చేసింది.

నేను ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి ఈమేనా అని నోరు తెరుచుకుని చూస్తుంటే ఒక నర్సు వచ్చి, టీ కావాలా అని జాలిగా అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "ఇంట్లో ఇలా మాట్లాడవెందుకు?"

ఆమె నా వైపు తిరిగి చూసింది. చెప్పనా వద్దా అని కాదు, నాకు గుర్తుందా లేదా అని చూసినట్టుంది.

"నాను మీ ఇంటికొచ్చిన మూడో రోజు ఏటో సెప్తే మీ ఇద్దరూ నవ్వినారు. మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అన్నాను. మళ్ళీ నవ్వినారు. నాలుగుసార్లు అనిపించినావు నువ్వు. ఓలమ్మ, ఇదెక్కడ గోల, మాటాడకుంటే సరిపోద్ది కదా అనుకున్నాను. అదే అలవాటైపోనాది."

నాకు గుర్తొచ్చింది. ఆ నాలుగోసారి నేను ఫోన్‌లో రికార్డు కూడా చేయబోయాను. సారీ అన్నాను. ఆమె తల ఊపింది. 

ఇంటికి రాగానే అక్కతో చెప్పాను. అక్క ముందు, "నేను నవ్విన్నా? నాకు యాదికి లేదు" అంది. తర్వాత టీ కప్పు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. "అసలు నా మాటకు నువ్వు నవ్వలేదా? గిట్ల అంటే నవ్వినవ్, యాది అంటే నవ్వినవ్. ఆమె వచ్చినంక నా మీద నుంచి ఆమె మీదికి పోయినవ్. నేను బతికిపోయిన అనుకుని నేను గూడ నవ్విన." అక్కడితో ఆగి, శ్రీకాకుళం అమ్మాయిని చూసి, "తప్పే అయింది" అంది. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదొక్కసారే. మర్నాడు రోటాలో ఆమె వంతు గిన్నెలన్నీ నా పేరు మీదకు మారాయి. తన పేరు మీదకు ఒక్కటి కూడా మార్చుకోలేదు.

గీయడం మళ్ళీ మొదలుపెట్టాను. ఏడ్చే పిల్లను రైలెక్కించేశాను, హీరోని కూడా అదే రైల్లో. బోర్డింగ్ హౌస్ పక్కన ఒక వృద్ధాశ్రమం వెలిసింది. అందులో మారుమూల రేవు నుంచి వచ్చిన ఒక నర్సు, ముసలాళ్ళతో బిళ్ళలాట ఆడి మోసంతో గెలిచే మనిషి. ఆమె మాటలు ఆ ఊళ్ళో ఎవరికీ అర్థం కావు. అందుకని ఆమె మాటల బుడగల్లో మాత్రం తెలుగు లిపిలో రాశాను. అనువాదం ఇవ్వలేదు. మాటలన్నీ శ్రీకాకుళం అమ్మాయే చెప్పేది. నా మంచం మీద కాళ్ళు జాపుకుని కూర్చుని, "అలాక్కాదు, ఇలాగ రాయి" అనేది. ఆమె చెప్పినవాటిలో కొన్ని తిట్లు నాకే అర్థమయ్యేవి కావు, అడిగితే అర్థం చెప్పేది కాదు.

పాఠకులకు పిచ్చెక్కింది. ఆ గుండ్రటి అక్షరాలు నేను కనిపెట్టానని ఒకడు అనుకున్నాడు. ఆమె మాట్లాడుతోందా, సబ్బు నురగ ఊదుతోందా అని ఇంకొకడు. జపాన్ ఆవిడ మాత్రం పొడుగ్గా రాసింది. వాళ్ళ అమ్మమ్మ ఉత్తరాన చేపలు పట్టే ఊరి మనిషట. టోక్యో వచ్చాక ఆ యాస విని దుకాణాల్లో నవ్వేవారట. ముసలామె చివరికి వేలితో చూపించి సరుకులు కొనుక్కునేదట. ఆ ఉత్తరం నేను గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. శ్రీకాకుళం అమ్మాయి విని, "పాపం, మా ఇంటికి రమ్మనాల్సింది" అంది.

కొన్ని వారాల తర్వాత వాళ్ళిద్దరూ కలిసి నా మీద పడ్డారు.

"అందరం ఉన్నం. నువ్వేది?" అంది అక్క.

"నేను గీసేదాన్ని కదా. నాకేముంది, నాది మామూలు తెలుగే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత పావుగంట నా బతుకు దుర్భరం. నేను ఫోన్‌లో అమ్మతో ఎలా మాట్లాడతానో ఇద్దరూ పోటీపడి చేసి చూపించారు. "ఆయ్, వచ్చేత్తన్నానండీ." "అలాగేనండీ, ఏం పర్లేదండీ." కుళాయి బాగుచేసే ఆయనకు కూడా ఇంగ్లీషు వాక్యం చివర అండీ తగిలించానట. తిట్టేటప్పుడు సైతం, "ఎదవ సచ్చినోడండీ" అంటానట. అలా అననని చెప్పబోయి, "అననండీ" అన్నాను. శ్రీకాకుళం అమ్మాయి నేల మీద కూర్చుండిపోయి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అనమంది. అన్నాను.

నన్ను నేను నాలుగుసార్లు గీయాల్సివచ్చింది. మొదటి మూడూ, నువ్వు ఇంత అందంగా లేవని కొట్టేశారు. నాలుగోదానికి ముక్కు అక్క పెంచింది, పళ్ళు శ్రీకాకుళం అమ్మాయి వేసింది. ఆ ఆదివారం అలాగే పెట్టేశాను.